రాగిపలక వెనకవైపు

(మన సంఘం వార్షికోత్సవ సభలో, మాజీ సైనికుల స్వయం ఉపాధి కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "రిటైరయ్యాక నువ్వు చేస్తున్న పని గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడవయ్యా" అంటే మొదట వద్దనే అన్నాను. నేను సుత్తి పట్టుకున్నవాణ్ణే గాని మైకు పట్టుకున్నవాణ్ణి కాను. "సెక్యూరిటీ ఉద్యోగాల గురించి చెప్పేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. రాగిమీద రంగులు కాల్చి సంతలో అమ్మేవాడివి నువ్వొక్కడివే" అన్నారాయన. అలా ఇరుక్కుపోయాను. తప్పులుంటే క్షమించండి.

నేను పుట్టింది జంషెడ్‌పూర్‌లో, సీతారాండేరాలో. మా నాన్నగారిది శ్రీకాకుళం జిల్లా. మా వైపు పల్లెల్లో ఆ ఊరిని ఎవరూ జంషెడ్‌పూర్ అనరు. "ఫలానా వాళ్ళబ్బాయి టాటా పోయాడు" అంటారు, అంతే. అక్కడ 1912లో మొదటి ఉక్కు తయారైనప్పటి నుంచీ మనవాళ్ళు అలా పోతూనే ఉన్నారు. నాన్నగారూ పోయారు. నేను మటుకు 1986లో టాటా నుంచి సైన్యానికి పోయాను. సికింద్రాబాదు ఈఎంఈ సెంటర్లో ట్రైనింగు, మెటల్ స్మిత్ ట్రేడు. ఇరవైనాలుగేళ్ళు రేకులు కోసి, అతికి, వంకరలు సరిచేసి, 2010లో హవల్దారుగా ఇంటికొచ్చాను. మా కోర్ నినాదం మీలో చాలామందికి తెలుసు, "కర్మ్ హీ ధర్మ్". ఈ మాట ఎందుకెత్తానో చివర్లో చెబుతాను.

ఇంతకీ ఎనామిల్ అంటే ఏమిటి? ఇక్కడున్న జవాన్లెవరికీ నేను చెప్పక్కర్లేదు. మన కిట్‌లో ఇచ్చిన ఎనామిల్ మగ్గు గుర్తుందా? లంగర్ ముందు లైన్లో నిలబడి టీ పట్టుకున్న మగ్గు. మన అమ్మలు పింగాణీ గిన్నె అనేది కూడా చాలావరకు అదే. లోపల ఇనుము, పైన గాజు పొర. అది రంగు కాదండీ, గాజు. గాజుపొడిని లోహంమీద చల్లి కొలిమిలో పెడితే కరిగి లోహానికి పట్టుకుంటుంది. నేను చేసేదీ అదే, కాకపోతే ఇనుముకి బదులు రాగి, తెల్లరంగుకి బదులు పది రంగులు. హిందీవాళ్ళు దీన్ని మీనా అంటారు. పని పేరు మీనాకారీ.

నా చివరి పోస్టింగు జైపూర్. ఆదివారాలు ఔట్‌పాస్ తీసుకుని జోహరీ బజారు వెనక సందుల్లో తిరిగేవాణ్ణి. రాజా మాన్‌సింగ్ లాహోరు నుంచి ఈ పనివాళ్ళను ఆమేరుకు తెచ్చాడని అక్కడ చెప్పుకుంటారు. ఒక ముసలి ఉస్తాదు, ఆరడుగుల గదిలో కూర్చుని, గాజుముక్కను చిన్న రోట్లో నీళ్ళు పోసి నూరుతూ ఉండేవాడు. నాలుగు వారాలు గుమ్మం దగ్గర నిలబడి చూశాక, "ఫౌజీ సాబ్, లోపలికి రండి" అన్నాడు. ఆ రోజు ఆయన ఒక నెక్లెస్ చూపించాడు. ముందువైపు కుందన్ రాళ్ళు పొదిగి ఉన్నాయి. బాగుందన్నాను. ఆయన దాన్ని తిరగేశాడు. వెనకవైపు, ఒంటికి ఆనుకుని ఎవరికీ కనబడని వైపు, పువ్వులూ ఆకులూ తెలుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో మెరుస్తున్నాయి. జైపూర్ నగల సంప్రదాయం అది. "చూసేవాళ్ళకి ముందువైపు, వేసుకున్నావిడకి వెనకవైపు" అన్నాడు ఉస్తాదు. బాగుందనుకున్నానే గాని, ఆ మాటలో నాకు పాఠం ఉందని అప్పుడు తెలియలేదు.

రిటైరై సీతారాండేరా వచ్చాక, ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న కరెంటు కొలిమి పెట్టుకున్నాను. మఫుల్ ఫర్నేసు అంటారు. బంగారం, వెండి మనవల్ల కాదు. రాగి మనకి చుట్టం లాంటిది. మా ఊరికి నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఘాట్‌శిల. అక్కడి మౌభండార్‌లో 1930లో రాగి కొలిమి మొదలైంది. 1972లో ప్రభుత్వం తీసుకున్నాక హిందుస్థాన్ కాపర్‌లో కలిసింది. నేను కొనే రేకు ఆ కొండల్లోదేనని ప్రమాణం చెయ్యలేను గాని, రాగిపని చేస్తున్నప్పుడు ఘాట్‌శిల వైపు కొండలు గుర్తుకొస్తాయి.

పని ఎలా చేస్తామో క్లుప్తంగా చెబుతాను. సుమారు ఒక మిల్లీమీటరు మందం రేకు కోసి, కావలసిన ఆకారానికి తెచ్చుకోవాలి. ఆ తరువాత శుభ్రం చెయ్యాలి. వేలిముద్ర ఉన్నా సరే అక్కడ గాజు పట్టదు. దీనికి పుస్తకాల్లో రకరకాల ఆమ్లాలు రాస్తారు. మా అమ్మ రాగిబిందెను చింతపండు, ఉప్పు వేసి తోమేది చూడండి, నేనూ మొదట అదే చేస్తాను. చింతపండులో పులుపే ఆమ్లం. ఆ తరువాత తుమ్మబంక నీళ్ళు పల్చగా రాసి, జల్లెడతో గాజుపొడి సమంగా చల్లి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే కొలిమిలో పెట్టగానే ఆవిరై పొడిని ఎగరగొట్టేస్తుంది. ఎనిమిది వందల డిగ్రీల దగ్గర, రెండు మూడు నిమిషాలు. తలుపు సందులోంచి చూస్తే పొడి మొదట పంచదార చల్లినట్టుంటుంది, కాసేపటికి నారింజ తొక్కలా గరుకవుతుంది, ఆపైన అద్దంలా పరుచుకుంటుంది. అప్పుడు తియ్యాలి. ఒక్కో రంగుకీ ఒక్కోసారి కొలిమి ఎక్కాలి. తెలుపు ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది కాబట్టి ముందు. ఎరుపు సుకుమారం, చివర్న. వేడి కొంచెం ఎక్కువైతే ఎరుపు కాస్తా ఇటుకరంగుకి తిరిగిపోతుంది.

ఇక అసలు సంగతి. రాగి వేడికి బాగా సాగుతుంది, చల్లారేటప్పుడు బాగా ముడుచుకుంటుంది. గాజు అంత ముడుచుకోదు. ఒకవైపే గాజు వేస్తే రేకు వంగుతుంది. వంగిన రేకుమీద గాజు బిర్రబిగిసి కూర్చుంటుంది. ఇవాళ కాకపోతే రేపు పగులుతుంది, పెచ్చు లేస్తుంది. అందుకని ముందువైపు ఎంత గాజు వేస్తామో వెనకవైపూ ఇంచుమించు అంత వెయ్యాలి. ఆ వెనక పొరకి అందం అక్కర్లేదు, మిగిలిన పొడులన్నీ కలిపేసి వేసినా ఫర్వాలేదు. ఉండటం మాత్రం తప్పనిసరి.

ఇప్పుడు అమ్మకం సంగతి. చెయ్యడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ధర చెప్పడం నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది! నవ్వకండి, మీలో ఎవరైనా రేపు స్టాలు పెడితే తెలుస్తుంది. ఇరవైనాలుగేళ్ళు ఒకటో తారీఖుకి జీతం దానంతటదే వచ్చి పడింది. "నా పనికి ఇంత ఇయ్యి" అని నోరు తెరిచి అడిగిన అలవాటు లేదు. మా ఊళ్ళో చలికాలంలో మైదానంలో జరిగే ఒక సంతలో మొదటిసారి బల్ల వేశాను. ఒకాయన లాకెట్టు పట్టుకుని "కిత్నే కా?" అన్నాడు. రెండు గంటల పని, మూడుసార్లు కొలిమి ఎక్కింది. "అరవై రూపాయలు సర్" అన్నాను, అదీ అటెన్షన్‌లో నిలబడి. "యాభైకిస్తావా?" అన్నాడు. ఇచ్చేశాను.

మా ఇంటావిడ పక్కనే ఉంది. ఆవిడ కంటోన్మెంటుల్లో ఆవా మేళాల్లో ఊరగాయలూ కుట్టుపనులూ అమ్మి ఆరితేరిన మనిషి. అప్పటికేమీ అనలేదు. జనం పల్చబడ్డాక, "ఏవండీ, మీరు వెనక్కెళ్ళి టీ తాగుతూ కూర్చోండి. ధర నేను చెబుతాను" అంది. ఆ సాయంత్రం అలాంటి లాకెట్టే రెండొందల యాభైకి అమ్మింది. అరవలేదు, బతిమాలలేదు. వస్తువు వాళ్ళ చేతికిచ్చి, ఎండలోకి తిప్పి చూడమంది. పారదర్శకమైన గాజు కింద రాగి నిప్పులా వెలుగుతుంది కదా, అది చూపించింది. ఆ తరువాతే ధర చెప్పి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే నాకు చేతకాలేదు.

ఇంటికొచ్చాక కాగితంమీద లెక్క వేసింది. అయిదు వస్తువులు మొదలుపెడితే నాలుగే మంచిగా బయటికొస్తాయి అనుకోండి. ఒక్కోదానికి రేకు, పొడి, కరెంటు, మన కూలీ కలిపి రెండొందలైతే, అయిదింటికి వెయ్యి. ఆ వెయ్యీ నాలుగింటి మీద పడాలి. అంటే రెండొందల యాభై అసలు ఖర్చే. పైన స్టాలు అద్దె, ఆటో ఖర్చు. "పాడైపోయినదాని ఖర్చు ఎవరిమీద వేస్తున్నారు? మీ పింఛనుమీద వేస్తున్నారు" అంది. నిజమే.

మరుసటేడు పక్క స్టాల్లో ఒక డోక్రా కుర్రాడు ఉండేవాడు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి ఇత్తడి పోసే పని. నేను మా ఇంటావిడ లేనప్పుడు మళ్ళీ తగ్గించి అమ్ముతుంటే చూసి, నెమ్మదిగా అన్నాడు: "సాబ్, మీకు పింఛను ఉంది. మాకు ఇదే. మీరు అరవైకి ఇస్తే, చేతిపని ఖరీదు అరవయ్యే అనుకుని మా దగ్గరికొస్తారు." నేను తక్కువకి ఇవ్వడం మంచితనం అనుకుంటున్నాను. అది పక్కవాడి అన్నంలో చెయ్యి పెట్టడమని ఆ కుర్రాడు చెప్పేదాకా తోచలేదు. పింఛను ఉన్న మనమంతా ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు చెప్పబోయేది సభలో చెప్పుకోదగ్గ గొప్ప కాదు. అయినా చెప్పాలి. అది 2012 డిసెంబరు. స్టాలుకి ఒక బోర్డు రాయించాను, "మాజీ సైనికుడి చేతిపని" అని హిందీలో, పెద్ద అక్షరాలతో. ఆ బోర్డు మహిమ చెప్పనలవి కాదు. జనం ఆగేవాళ్ళు, కొందరు సెల్యూట్ కొట్టి మరీ కొనేవాళ్ళు. ఆ ఏడు లాకెట్లతో పాటు జానెడు పలకలు కూడా చేద్దామనుకున్నాను. సువర్ణరేఖ నది, అవతల దల్మా కొండ, చెక్క ఫ్రేములో బిగించి గోడకి తగిలించుకునేట్టు. సంత రేపనగా సాయంత్రం కరెంటు పోయింది. నాలుగు గంటలు రాలేదు. పన్నెండు పలకలు కావాలి, మూడే పూర్తయ్యాయి. రాత్రంతా కూర్చున్నా వెనక పొర వెయ్యడానికి టైము చాలదు. అప్పుడు మనసు ఏమందో తెలుసా? "వెనక ఎలాగూ చెక్కకి అతికించేస్తావు, ఎవడు చూస్తాడు?" తొమ్మిది పలకలు ముందువైపు మాత్రమే కాల్చి, వంకర సరిచేసి, ఫ్రేములకి అతికించేశాను. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే రాళ్ళకి ఒకవైపే సున్నం కొట్టిన రోజులు మనకి కొత్తా చెప్పండి!

తొమ్మిదీ మూడు రోజుల్లో అమ్ముడుపోయాయి. ఎనిమిదో రోజున ఒక పెద్దాయన వచ్చాడు. కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. గుడ్డలో చుట్టిన పలక తీసి బల్లమీద పెట్టాడు. నది మధ్యలో పగులు. కొండమీద గోరంత పెచ్చు లేచి ఎర్రటి రాగి కనబడుతోంది. పగలు ఎండ, రాత్రి చలి, అతికించిన చెక్క పట్టేసుకోవడం, ఇక గాజు ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? నేను డబ్బు తీయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "డబ్బు కోసం రాలేదు బాబూ. ఫౌజీ చేసిందని నలుగుర్నీ పిలిచి చూపించాను. వాళ్ళ ముందే ఊడింది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ అనలేకపోయాను.

సైన్యంలో బండి కింద నేను వేసిన అతుకు ఎవరికీ కనబడేది కాదు. కాని ఆ బండిలో ఇరవైమంది కొండ ఎక్కేవాళ్ళు. ఆ రోజుల్లో ఎవరూ చూడరు కదా అని ఒక్క అతుకు కూడా వదల్లేదు. కర్మ్ హీ ధర్మ్ అని రోజూ చదివినవాణ్ణి. బయటికొచ్చి రెండేళ్ళకే, అదీ ఫౌజీ పేరు బోర్డుమీద రాసుకుని, వదిలేశాను.

అప్పటికప్పుడు బోర్డు దింపేశాను. పెద్దాయనకి వెనక పొరతో కొత్త పలక చేసి ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చాను. మిగతా ఎనిమిదింటిలో బిల్లుమీద ఫోను నంబరు రాసుకున్నవి మూడే. వాళ్ళకి ఫోను చేసి, పగిలినా పగలకపోయినా మార్చి ఇచ్చాను. అయిదుగురు ఎవరో, ఎక్కడున్నారో తెలియదు. వాళ్ళకోసం కూడా అయిదు పలకలు చేసి పెట్టాను. ఇప్పటికీ ప్రతి సంతకీ ఆ అయిదూ పెట్టెలో పట్టుకెళ్తాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. బోర్డు మళ్ళీ రెండేళ్ళ తరువాతే పెట్టాను. ఇప్పుడు పలకని ఫ్రేముకి అతికించను. మేకులతో పట్టేట్టు బిగిస్తాను, ఎవరైనా విప్పి వెనక చూసుకోవచ్చు. చాలామంది చూడరు. కాని ముందు నేనే తిరగేసి చూపిస్తాను.

ఈ పనిలోకి రాదలచిన సోదరులకి, సోదరీమణులకి నాలుగు మాటలు. కొలిమి దగ్గర తోలు గ్లవ్సు, కళ్ళద్దాలు, పొడి జల్లించేటప్పుడు ముక్కుకి మాస్కు తప్పనిసరి. అది గాజుపొడి, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. కొన్ని రంగుల్లో సీసం ఉంటుంది. అందుకని అన్నం తినే పళ్ళేలు, తాగే గ్లాసులు నేను చెయ్యను. ఎవరైనా అడిగితే కారణం చెబుతాను. కొలిమి ఎక్కని రంగు కూడా ఎనామిల్ పేరుతోనే అమ్ముతారు. అది గట్టిపడే జిగురులాంటి రంగు. నేను చూసిన యూనిట్ జ్ఞాపికల్లో చాలావాటిమీద ఉన్నది అదే. అది తప్పేమీ కాదు, చవక కూడా. కాని అది ఇదీ ఒకటేనని చెప్పి అమ్మితే మాత్రం తప్పు.

ఆరుబయట సంతకి కొన్ని సూత్రాలున్నాయి. గాలి వస్తుంది, బల్లమీద గుడ్డకి నాలుగు మూలలా బరువు కట్టాలి. ఎండ తిరుగుతుంది, ఉదయం ఒకవైపు పెట్టినవి సాయంత్రం రెండోవైపు మార్చాలి. నల్లగుడ్డమీద దుమ్ము కనబడుతుంది, గంటకోసారి తుడవాలి. ఎవరైనా వస్తువు చేత్తో పట్టుకుంటే కంగారుపడకండి, పట్టుకున్నవాళ్ళే కొంటారు. మొదటి ఏడు అమ్మకంకన్నా చూడటం ముఖ్యం. మా ఊళ్ళో 2014 నుంచి నవంబరులో గోపాల్ మైదాన్‌లో సంవాద్ జరుగుతోంది. అది ఆదివాసీ సోదరుల వేడుక, మనం స్టాలు పెట్టేది కాదు. కాని ఒక పూట తిరిగితే, ఆమాడుబీ పైట్కార్ చిత్రకారులు పటాన్ని విప్పి కథ చెబుతూ ఎలా అమ్ముతారో చూస్తే, మాటకీ వస్తువుకీ ఉన్న సంబంధం తెలుస్తుంది. బెంగుళూరులో చిత్రకళా పరిషత్తు వాళ్ళు నడిపే చిత్రసంతెలో ఒక ఆదివారంనాడు రోడ్డు రోడ్డంతా బొమ్మలతో నిండిపోతుంది, గీసినవాళ్ళే పక్కన కూర్చుని అమ్ముతారు. 1987 నుంచి సూరజ్‌కుండ్ మేళా, 1994లో తెరిచిన ఢిల్లీ హాట్, మన హైదరాబాదు శిల్పారామం, ఇవన్నీ చూడదగ్గవి. కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయం చేతిపనివాళ్ళకి ఇచ్చే గుర్తింపు కార్డు తీసుకోండి. ప్రభుత్వ మేళాల్లో స్టాలు కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు అది పనికొస్తుంది.

చివరగా ఒక్క మాట. మనం ఏ వ్యాపారం పెట్టినా "మాజీ సైనికుడు" అన్న పేరు మొదటి వస్తువుని అమ్మిపెడుతుంది. అది మనం సంపాదించింది మాత్రమే కాదు, తిరిగిరాని మన తోటివాళ్ళు సంపాదించి పెట్టింది కూడా. రెండో వస్తువుని అమ్మిపెట్టేది దాని వెనకవైపు. ఈ సభలో ఉన్న ఇల్లాళ్ళకి వెనకవైపు బరువు సంగతి నేను వేరే చెప్పనక్కర్లేదు. మా ఇంటావిడ అక్కడ నాలుగో వరసలో కూర్చుని, టైము అయిపోయిందని సైగ చేస్తోంది.

ఎవరికైనా నేర్చుకోవాలని ఉంటే సీతారాండేరా రండి. కొలిమి, పొడులు నావి. చింతపండు మాత్రం మీరు తెచ్చుకోండి. ధర చెప్పడం మటుకు ఆవిడ నేర్పుతుంది.

 జై హింద్.